మా తాతకు వచ్చిన ఫ్రెంచి కాకి

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఉద్యోగస్తుణ్ణి గుర్తుపట్టడానికి మెడ చూసేవాళ్ళు. మెడలో కార్డు వేలాడితే చిన్న ఉద్యోగం, కార్డుతో పాటు తాళాల గుత్తి కూడా వేలాడితే పెద్ద ఉద్యోగం. నా మెడలో ఈల వేలాడేది. అది ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోలేక ఊరి పెద్దలు చాలా అవస్థ పడ్డారు. శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం తెరిచి అప్పటికి ఏడాదో ఏడాదిన్నరో అయింది. మా ఊరు దాని ప్రహరీగోడకు ఇవతల ఉండేది. (గోడకు అవతలిది కూడా మొన్నమొన్నటిదాకా మా ఊరే. ఇప్పుడు అటు పోవాలంటే జేబులు తడుముతారు.) అక్కడ ఒక కాంట్రాక్టరు కింద నాకు పని దొరికింది. రన్‌వే పక్కన పక్షులు వాలకుండా తోలడం ఆ పని. ఈల వేయాలి, చప్పట్లు కొట్టాలి, అయినా కదలకపోతే పటాకలు పేల్చాలి. ఎవరైనా ఏం ఉద్యోగమని అడిగితే నేను గొంతు సవరించుకుని "ఏవియేషన్ సేఫ్టీ" అనేవాణ్ణి. మా అమ్మకు అంత డాబు లేదు. "ఏర్‌పోర్టుల కాకులను గొడ్తడు" అని ఒక్క ముక్కలో తేల్చేసేది.

మా తాతకు మాత్రం నా ఉద్యోగం తెగ నచ్చింది. ఆయన పేరు పెంటయ్య. ఈ పేరు వినగానే నవ్వొస్తే నవ్వుకోండి, ఆయన కూడా నవ్వేవాడు. ఆయన పుట్టకముందు నలుగురు పిల్లలు పురిట్లోనే పోయారట. ఐదోవాడు పుట్టగానే చాటలో వేసి తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటామెతో తెప్పించుకుని, అదే పేరు పెట్టారు. పెంట మీద దొరికినవాడు దేనికీ పనికిరాడని యముడు కూడా వదిలేస్తాడని నమ్మకం. యముడు నిజంగానే ఎనభై ఏళ్ళదాకా అటు కన్నెత్తి చూడలేదు. ఆ తాత కుర్రతనంలో జొన్నచేను దగ్గర మంచె మీద కూర్చుని వడిసెలతో పిట్టల్ని కొట్టేవాడు. ఆ చేను ఉన్నచోటే, గోడకు అవతల, నేను ఈల పట్టుకుని నిలబడేవాణ్ణి. "నా కొలువే నీకు వచ్చింది రా," అనేవాడు. "నేను జొన్నలు కాపాడిన, నువ్వు ఇమానాలు కాపాడుతున్నవ్. పిట్టలు గవ్వే, వాటికైతే ఏం ఫరక్ పడలే." ఆ మాటకు నేను ఉబ్బిపోయి, నారింజ రంగు జాకెట్టు, మెడలో ఈల పెళ్ళిళ్ళకు కూడా వేసుకుపోయేవాణ్ణి. అప్పుడు నా వయసు ఇరవై, నా బుద్ధి వయసు అందులో సగం.

అట్లా ఉండగా మాకు పని నేర్పడానికి ఫ్రాన్సు నుంచి ఒక పక్షుల నిపుణుడు మూడు నెలల కోసం దిగాడు. సన్నగా, పొడుగ్గా, ఎండకు ముక్కు ఎర్రబడి, మోకాళ్ళ దాకా లాగు, మెడలో దుర్భిణి. (మెడలో తాళాల గుత్తి కన్నా పెద్ద వస్తువు వేలాడే మనిషిని అప్పుడే చూడటం.) పేరు బెర్ట్రాండ్. ఆయన నోట్లో అది "బెర్‌ట్రాఁ" అని ముక్కులోంచి వచ్చి మధ్యలోనే ఆగిపోయేది. మొదటి రోజు సూపర్‌వైజరు "ఇంగ్లీషు ఎవరికొచ్చు?" అని అడిగితే, ప్రశ్న అర్థమైన సంతోషంలో చెయ్యెత్తాను. అంతే, మూడు నెలలు ఆయనకు నోరు నేనే. ఇద్దరికీ ఇంగ్లీషు సరిగ్గా రాకపోవడంతో మా ఇద్దరికీ బాగా కుదిరింది. ఆయనకు ఒక అలవాటు ఉంది. ఏ విషయమూ గట్టిగా చెప్పడు. ఎదురుగా గద్ద కూర్చుని మాంసం పీక్కుతింటున్నా, "అది గద్దనా సార్?" అంటే ఐదు నిమిషాలు దుర్భిణిలో చూసి, "కావచ్చు. రెక్క కింది రంగు సరిగ్గా కనిపించలేదు" అనేవాడు. అందుకని మేమంతా ఆయనకు 'మేబీ సారు' అని పేరు పెట్టుకున్నాం.

మేబీ సారు నేర్పిన మొదటి పాఠం ఏమిటంటే, పక్షిని తోలడం కన్నా పక్షి తిండిని తోలడం మేలు. ఈ పాఠం నాకు బాగా తలకెక్కింది. మా ఊరి వెనుక గుంటలో చికెన్ దుకాణాలవాళ్ళు ఈకలూ పేగులూ పారబోసే పెద్ద పెంట ఉండేది. చుట్టుపక్కల కాకులన్నిటికీ అదే ఫంక్షన్ హాలు. నేను పంచాయతీ చుట్టూ తిరిగి, సర్పంచి దగ్గర ఇంగ్లీషు మాటలు దొర్లించి, ఆ పెంటను ఎత్తించి పైన మట్టి పోయించాను. తర్వాత రెండు వారాలు పొద్దునా సాయంత్రం పటాకలు పేల్చాను. ఊరి కాకులన్నీ మూటాముల్లె సర్దుకుని కొన్ని జల్‌పల్లి చెరువువైపూ, కొన్ని పహాడీ షరీఫ్ గుట్టవైపూ వెళ్ళిపోయాయి. సారు నా భుజం తట్టి, "చాలా బాగుంది" అన్నాడు. కావచ్చు అనలేదు. ఆ రాత్రి సంతోషంతో నాకు అన్నం సహించలేదు. తాత మాత్రం పెదవి విరిచాడు. "ఊళ్ళె కాకి లేకుంట జేస్తివేంది రా? రేపు ఎవడన్న సస్తే పిట్టకు పెట్టొద్దా?" నేను వినలేదు. ఏవియేషన్ సేఫ్టీ ముందు ఇట్లాంటివి ఎవరు వింటారు!

మా వైపు ఆచారం తెలియనివాళ్ళకు ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. మనిషి పోయిన మూడో రోజున బొందలగడ్డ దగ్గర, అంటే శ్మశానంలో, పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి ఇస్తరాకులో పెట్టి, పక్కకు జరిగి ఎదురుచూస్తారు. కాకి వచ్చి ముట్టాలి. దానినే పిట్టకు పెట్టుడు అంటారు. వచ్చేది కాకి కాదు, పోయిన మనిషే. ముడితే మనసు నిమ్మళంగా ఉందని అర్థం. ముట్టకపోతే మన మీద ఏదో కోపం, ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. ఏది ముందు ముట్టిందో కూడా చూస్తారు. కూర ముడితే కూర మీద, గారె ముడితే గారె మీద ప్రాణం పెట్టుకుని పోయాడన్నమాట. అంతదాకా ఇంటివాళ్ళు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు.

ఒక ఆదివారం మేబీ సారును మా ఇంటికి భోజనానికి తీసుకొచ్చాను. తాతకు అప్పుడు కల్లు బంద్. కాళ్ళు ఉబ్బుతున్నాయని దవాఖానలో చుక్క కూడా తాగొద్దన్నారు, నాయినమ్మ ఆ మాటను చట్టంలా అమలు చేస్తోంది. సారును చూడగానే తాత మొహం వెలిగింది. "ఇంటికి వచ్చిన సుట్టానికి కల్లు పొయ్యకుంటె ఇజ్జత్ ఉంటదా?" అన్నాడు. నాయినమ్మ ఇజ్జత్‌కు లొంగి ఒక లొట్టి కల్లు తెప్పించింది. సుట్టం ఒక గుటక వేసేలోపు, ఆమె వంటింట్లోకి పోయి వచ్చేలోపు, తాత మూడు దొప్పలు లాగించి మూతి తుడుచుకున్నాడు. సారు అంతా చూశాడు, ఏమీ చూడనట్టు ఇంటి చూరువైపు దుర్భిణి పెట్టాడు. అప్పటినుంచి తాతకు ఆయనంటే ప్రాణం.

మనుషుల్ని కొత్తగా చూస్తే తాత అడిగే ప్రశ్న ఒకటే. "నీ పేరుకు అర్థమేంది? ఎవరు పెట్టిండ్రు?" తన పేరుకు అంత కథ ఉండటంతో అందరి పేర్లకూ ఉంటుందని ఆయన ధీమా. నేను సారును అడిగాను. ఆయన కల్లు దొప్ప కింద పెట్టి, ఉత్సాహంగా చెప్పుకుంటూ పోయాడు. ఆ పేరు ఫ్రాన్సుది అంటారు గానీ నిజానికి ఫ్రెంచి భాష కన్నా పాతదట. ఎప్పుడో జర్మను తెగలవాళ్ళు యుద్ధాలు చేసుకుంటూ ఆ దేశంలోకి వచ్చి, నేల తీసుకుని పేర్లు ఇచ్చారట. వాళ్ళు కొడుకు పుడితే రెండు మంచి మాటలు ఏరి, ఒకదానికొకటి కుట్టి పేరు పెట్టేవాళ్ళట. మొదటి ముక్క 'బెర్హ్త్', అంటే వెలుగు, మెరుపు. రెండో ముక్క 'హ్రామ్న్', అంటే కాకి. యుద్ధభూమిలో కాకి వాలితే వాళ్ళకు శుభమట, కాకికి అన్నీ తెలుసని నమ్మకమట. మొత్తం కలిపితే మెరిసే కాకి. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ చెప్పిందట, వాళ్ళ తాత పేరు కూడా అదేనట. నేను నా శక్తికొద్దీ తెలుగులోకి దించాను. తాత మంచం అంచుకు జరిగాడు.

"ఊరకాకియా, బొంతకాకియా అడుగు."

అడిగాను. ఆయన చేతులు బారచాపి కొలత చూపించాడు. "బొంతకాకి కన్న పెద్దదంట తాతా."

ఇక తాత నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చేదాకా, కళ్ళల్లో నీళ్ళు కారేదాకా నవ్వాడు. "కాకి పేరు పెట్టుకొని కాకులను ఎల్లగొట్టనీకె గింత దూరం వచ్చిండా! ఓ సారూ, నేను పెంటయ్యను, నువ్వు కాకయ్యవు. పెంట కాడికి కాకి రాకుంట యాడికి పోతది?" నేను ఇది ఇంగ్లీషులోకి దించలేక చేతులెత్తేశాను గానీ, నవ్వుకు తర్జుమా అక్కర్లేదు కదా, సారు కూడా పడీపడీ నవ్వాడు. వెళ్ళేటప్పుడు తాత ఆయన చెయ్యి పట్టుకుని, నావైపు తిరిగి, "నేను పోయినంక ఊరకాకి రాకుంటె ఫికర్ పడకుండ్రి. ఈనను పిలువుండ్రి. పిలిస్తే వచ్చే కాకి ఇదొక్కటే మిగిలింది" అన్నాడు. నాయినమ్మ గుమ్మంలోంచి, "సావు మాటలు మాట్లాడకు" అని కసురుకుంది. నేను ఆ మాటను అక్కడే మరిచిపోయాను.

నెల తిరగకుండానే తాత పోయాడు. ఎట్లా పోయాడో కూడా చెప్పాలి, మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది. ఆ రోజు పొద్దున కల్లు కావాలని నాయినమ్మ వెంటపడ్డాడట. ఒక్క దొప్ప అన్నాడట, సగం దొప్ప అన్నాడట. ఆమెకు విసుగొచ్చి, "సచ్చినంక తాగుదువు తియ్యి!" అని చెంబు నేలకేసి కొట్టి లోపలికి పోయిందట. ఆయన ఇంకేమీ మాట్లాడకుండా నులకమంచంలో అటు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నం అన్నానికి లేపితే లేవలేదు. అరవై ఏళ్ళ కాపురంలో ఆమె ఆయనను తిట్టని రోజు లేదు, ఆయన నవ్వని రోజూ లేదు. ఆఖరి రోజు మాత్రం తిట్టుకు జవాబు రాలేదు. మూడు రోజులు ఆమె ఏడవలేదు. వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట. "నా మీద కోపంతోని పోయిండు. మాట గూడ మాట్లాడకుంట పోయిండు."

మూడో రోజు పొద్దున్నే అందరం బొందలగడ్డకు చేరాం. మా నాన్న, అంటే బాపు, మైలార్‌దేవ్‌పల్లి నుంచి వచ్చిన మేనత్త, ఊరి జనం, అందరికన్నా ముందు నేను, జాకెట్టుతో, ఈలతో. (చుట్టాలు చాలామంది వస్తున్నారని వేసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే నాలుగు తన్నాలనిపిస్తుంది.) ఇస్తరాకులో అన్నం, మటన్ కూర, గారెలు, పచ్చిపులుసు, చుట్ట, ఒక దొప్పలో ఈతకల్లు పెట్టారు. కల్లు నాయినమ్మే స్వయంగా పోసింది, దొప్ప నిండి పొర్లుతున్నా ఆపలేదు. మేబీ సారు కూడా వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే బూట్లు విడిచి, టోపీ చేతిలో పట్టుకుని చివర్న నిలబడ్డాడు. అందరం వేపచెట్ల నీడకు జరిగి ఆకాశం చూడటం మొదలుపెట్టాం.

ఆకాశంలో కాకి తప్ప అన్నీ కనిపించాయి. దుబాయి పోయే విమానం, ఢిల్లీ నుంచి వచ్చే విమానం, పేరు తెలియని ఇంకో రెండు. గంట గడిచింది. బాపు "కావ్ కావ్" అని పిలిచాడు. ఊరి జనమంతా పిలిచారు. పదైంది, పదకొండైంది. అప్పుడు మొక్కులు మొదలయ్యాయి. తాతకు ఏ కోరిక మిగిలిందో తెలియదు కాబట్టి, తలా ఒక మాట ఇచ్చి చూశారు. "నాయినా, నీ బర్రెను అమ్మ. నా పాణం పోయినా అమ్మ" అన్నాడు బాపు. కాకి రాలేదు. మేనత్త ముందుకొచ్చి కొంగు నోట్లో కుక్కుకుని, "నాయినా, నీ కంచు చెంబు పోయిందని ఎతుకుతుంటివి గద, నేనే తీస్కపోయిన. తెచ్చి ఇంట్ల పెడ్త" అంది. అమ్మ ఆమెవైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. కాకి అయినా రాలేదు. పన్నెండయ్యేసరికి జనం ఆకాశాన్ని వదిలేసి నన్ను చూడటం మొదలుపెట్టారు.

"ఎట్ల వస్తది? ఊళ్ళె ఒక్క కాకినన్న ఉంచిండా ఈ పోరడు?" అన్నాడు కులపెద్ద. "పెంట ఎత్తిపిచ్చిండు, పటాకలు గొట్టిండు. సొంత తాతకే కాకి లేకుంట జేసుకున్నడు."

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. నాయినమ్మకు షుగరు. పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు తాగలేదు. చెట్టుకు ఒరిగి కూర్చున్న మనిషి పెదవులు తెల్లబడుతున్నాయి. అమ్మ చెంబుతో నీళ్ళు తెస్తే తోసేసింది. "ఆయన ముట్టంది నేనెట్ల ముడ్త? నా మీద కోపమే గద ఆయనకు. నన్ను సుత అట్లనే పోనియ్యి," అంది. బాపు మొహంలో భయం కనిపించింది. నాకు అంతకు మించి భయం వేసింది. తాత పోయాడు సరే, ఇప్పుడు నేను తోలిన కాకుల లెక్కన నాయినమ్మ కూడా పోతుందా?

సరిగ్గా అప్పుడు దూరంగా, జల్‌పల్లి వైపు నుంచి ఒక నల్లచుక్క కనిపించింది. చుక్క దగ్గరైంది, రెక్కలొచ్చాయి. కాకి! అది మా మీదుగా ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు కిందికి తిరిగింది, కాళ్ళు చాపి ఇస్తరాకు మీదికి దిగబోయింది. నాయినమ్మ లేచి కూర్చుంది. ఆ క్షణంలో, ఎట్లా జరిగిందో దేవుడికే తెలియాలి, నా చేతికి నేను చెప్పలేదు, నా నోటికి నేను చెప్పలేదు. ఏడాదిగా రోజుకు వందసార్లు చేసిన పని శరీరం తనంతట తనే చేసేసింది. ఈల నోట్లోకి వెళ్ళింది. బొందలగడ్డ అదిరేట్టు "పీఈఈ" అని ఊది, రెండు చేతులూ ఎత్తి, చప్పట్లు కొట్టి, "హుష్!" అని నాలుగడుగులు పరుగెత్తాను కూడా. కాకి గాల్లోనే పల్టీ కొట్టి, వచ్చిన దారినే మళ్ళీ జల్‌పల్లికి పోయింది.

ఆ గండంలో నన్ను ఆదుకోవడానికి విమానం కూడా ఒక్కటి రాలేదు. నేను ఈల నోట్లోనే ఉంచుకుని వెనక్కి తిరిగాను. బాపు చెప్పు విడవడానికి వంగాడు గానీ, బొందలగడ్డకు చెప్పుల్లేకుండా వచ్చిన సంగతి గుర్తొచ్చి మళ్ళీ లేచాడు. కులపెద్ద రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. మేబీ సారు ఒక్కడే, అలవాటు కొద్దీ, నా ఈల ఊదిన పద్ధతి బాగుందన్నట్టు తలూపి, తర్వాత పరిస్థితి అర్థమై తల దించుకున్నాడు.

మొదట మాట్లాడింది నాయినమ్మే. గొంతు పీలగా ఉంది గానీ మాట స్పష్టంగా ఉంది. "ఆ కాకిసారును పిలువుండ్రి."

"అమ్మా, మనిషిని పట్టుకొని కాకి అంటరా? ఏమన్న అనుకుంటడు," అన్నాడు బాపు.

"మీ నాయిన చెప్పిండు. నేను గుమ్మంలకెళ్ళి ఇన్న. ఊరకాకి రాకుంటె ఈనను పిలువుమన్నడు. పిలువుండ్రి."

కులపెద్ద గడ్డం గోక్కున్నాడు. ఇట్లాంటి కేసు ఆయన తాత ముత్తాతల కాలంలో కూడా వచ్చి ఉండదు. చివరికి నావైపు తిరిగి, "ఏం రా, ఈయన పేరుకు నిజంగ కాకి అనేనా అర్థం? ఇది ఆటలాడే జాగ కాదు. సారునే మల్ల అడుగు. అందరి ముందల చెప్పుమను" అన్నాడు.

నేను సారు దగ్గరికి పోయి, వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని సంగతి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు, నవ్వలేదు. నుదురు ముడిచి ఆలోచించాడు. తర్వాత మెల్లగా, చేతులు తిప్పుతూ, చాలాసేపు మాట్లాడాడు. ఆ మాటల సారాంశం నాకు బాగానే అర్థమైంది, అదే నా ఖర్మ. ఆయన అన్నది ఇదీ: ఆరోజు మీ ఇంట్లో చెప్పింది మా నాయనమ్మ చెప్పిన మాట. నేను పెద్దయ్యాక చదివితే పండితులు రెండు రకాలుగా చెప్పారు. రెండో ముక్క కాకి కావచ్చు. లేకపోతే 'రాండ్' కావచ్చు, అంటే డాలు అంచు. అప్పుడు నా పేరు మెరిసే డాలు అవుతుంది. రెండూ పాతవే, రెండూ కలిసిపోయాయి, ఏదని గట్టిగా చెప్పలేము. ఇది మీకు పవిత్రమైన విషయం, నేను అబద్ధం చెప్పకూడదు. ఆఖరున ఆయన బాధగా నావైపు చూసి అన్న మాట తర్జుమా కూడా అక్కర్లేనిది. "మే బీ."

జనమంతా నా నోటివైపు చూస్తున్నారు. నేను నాయినమ్మవైపు చూశాను. చెట్టుకు ఒరిగి, కళ్ళు ఇంత చేసుకుని నన్నే చూస్తోంది. డాలు అంటే ఏమిటో వివరించే సమయమా అది? పొద్దున్నుంచి ఎండలో మాడుతున్న ముసలామెకు జర్మను తెగల గొడవ ఎక్కడ విప్పి చెప్పను?

"కాకియే అంటున్నడు," అన్నాను.

"అంతసేపు మాట్లాడిండు గద రా?" అన్నాడు కులపెద్ద.

"పెద్ద కాకి అంటున్నడు."

కులపెద్ద ఆకాశంవైపు ఒకసారి చూసి, ఇగ కానియ్యిండ్రి అన్నట్టు చెయ్యి ఊపాడు. నేను సారుతో, పోయి ఏదైనా ఒకటి ముట్టుకుంటే చాలని చెప్పాను. ఆయన టోపీ నా చేతికిచ్చి, వట్టికాళ్ళతో ఎండలో నడుచుకుంటూ వెళ్ళి ఇస్తరాకు ముందు గొంతుక్కూర్చున్నాడు. అంత పొడుగు మనిషి మోకాళ్ళు చెవుల దాకా వచ్చి, మోచేతులు రెండు పక్కలకూ జరిగి, ముక్కు ముందుకు వంగి కూర్చుంటే, ఒట్టు, నాకే ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఆయన అన్నంవైపు చూశాడు, కూరవైపు చూశాడు, గారెలవైపు చూశాడు. తర్వాత తాతను కాల్చిన చోటువైపు చూసి, చిన్నగా నవ్వి, కల్లు దొప్ప ఎత్తాడు. కొంచెం నేల మీద ఒలికించి, మిగతాది ఒక్క గుక్కలో తాగేశాడు.

"కల్లు ముట్టిండు!" అని మేనత్త కేకపెట్టింది. "నాయినే! నాయినే!" జనమంతా గొల్లుమన్నారు. ఊళ్ళో అందరికీ తెలుసు, తాత ప్రాణం దేని మీద ఉందో. నాయినమ్మ లేచింది. తూలుకుంటూ పోయి సారు ఎదురుగా కూలబడి, మూడు రోజులుగా రాని ఏడుపంతా ఒక్కసారిగా ఏడ్చింది. "తాగు, తాగు. నేనే బంద్ పెట్టిన. సచ్చినంక తాగుదువని నేనే అన్న. గంత మాటకు సచ్చుడేంది, పిచ్చోడా! కోపం పోయిందా? ఇగ కోపం లేదు గద?" సారుకు ఒక్క అక్షరం అర్థం కాలేదు. కానీ ఎప్పుడూ కావచ్చు అనే మనిషి, ఏ పక్షినీ గట్టిగా ఇదే అని చెప్పని మనిషి, ఆమె కళ్ళల్లోకి చూసి, లేదన్నట్టు, ఏమీ లేదన్నట్టు, గట్టిగా తల అడ్డంగా ఊపాడు. నాకు కళ్ళు మసకబారాయి. ఆ ఒక్క తల ఊపుతో మా ఇంట్లో మూడు రోజులుగా ఆగిన ఊపిరి ఆడింది.

అంతటితో ఆగితే బాగానే ఉండేది. ముట్టుకుంటే చాలని చెప్పాను గానీ లేవమని చెప్పలేదు. ఆయన మర్యాదస్తుడు, పెట్టింది వదిలేస్తే మేము నొచ్చుకుంటామనుకున్నాడేమో, ఆకలి కూడా వేసిందేమో, వరుసగా అన్నీ తిన్నాడు. గారెలు తిన్నాడు. అన్నంలో మటన్ కలుపుకుని తిన్నాడు. పచ్చిపులుసులో పచ్చిమిరపకాయ నమిలేసరికి ముక్కు ఇంకా ఎర్రబడి కళ్ళల్లోంచి ధారగా నీళ్ళు కారాయి. "మామ ఏడుస్తున్నడు" అని అమ్మ కూడా అందుకుంది. (కంచు చెంబు సంగతి అప్పటికి మరిచిపోయింది, తాత్కాలికంగా.) ఆపే ధైర్యం ఎవరికీ లేదు, తాతను భోజనం మధ్యలో ఎవరు లేపుతారు? ఆఖరుకు చుట్ట కూడా తీసి జేబులో పెట్టుకున్నాడు. అది చూసి కులపెద్ద, "అనుమానమే లేదు, పెంటయ్యే" అని తీర్పు చెప్పాడు. ఆ తర్వాతే నాయినమ్మ అమ్మ చేతిలో చెంబు తీసుకుని గటగటా నీళ్ళు తాగింది.

సారు ఆ నెలాఖరుకు వెళ్ళిపోయాడు. పోయేముందు నాయినమ్మకు దండం పెడితే, ఆమె ఆయన తల మీద చెయ్యి పెట్టి, జేబులో నాలుగు గారెలు కుక్కింది. నేను మాత్రం ఆ అబద్ధాన్ని ఐదేళ్ళు మోశాను. కాకుల్ని తోలే పని వదిలి అదే విమానాశ్రయంలో సరుకుల విభాగంలో కుర్చీ ఉద్యోగంలోకి మారినా, మెడలో ఈల పోయి కార్డు వచ్చినా, ఎప్పుడైనా కాకి కనిపిస్తే గుండెలో కలుక్కుమనేది. మా బాబుకు తొట్టెల పండుగ చేసే ముందు, పేరు కోసం నా భార్య నెట్‌లో వెతుకుతూ ఉంటే, నేను పక్కన కూర్చుని బుద్ధి పుట్టి బెర్ట్రాండ్ అని కొట్టి చూశాను. మేబీ సారు చెప్పిందే ఉంది. కాకి అని కొందరు, డాలు అని కొందరు, ఇప్పటికీ తేలలేదట. పక్కన నాయినమ్మ మనవడి కొడుక్కి కాళ్ళు పిసుకుతోంది. నాకెందుకో ఆ రోజు దాచుకోవాలనిపించలేదు. "నాయినమ్మా, నువ్వేమన్న అనుకో, ఆ రోజు నేను పూర్తిగ చెప్పలే. ఆ సారు పేరుకు కాకి అని ఖాయం కాదు. డాలు అని గూడ అంటరంట" అన్నాను.

ఆమె చేతులు ఆపలేదు. "నాకు ఎర్కనే."

"ఎట్ల ఎర్క?"

"ఆయన గంతసేపు మాట్లాడిండు, నువ్వు ఒక్క మాట చెప్తివి. ఒక్క మాటకు గంతసేపు పడ్తదా? ఏదో మింగినవని ఎర్కనే. ఆకలైతుండె రా, ఊకున్న." తర్వాత బాబు రెండో కాలు ఒళ్ళోకి తీసుకుంది. "కాకో, డాలో, నాకేంది? కోపం లేదని తలకాయ ఊపిండు గద. అది మీ తాత ఊపుడే. అరవై ఏండ్లు చూసిన, నాకు తెల్వదా?"

ఇప్పుడు ఆమె కూడా లేదు. ఆమెకు పిట్టకు పెట్టిన రోజు నేను దాచుకున్న పాత ఈలను ఇంట్లోనే వదిలి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. బాపు నా పక్కనే కాపలా నిలబడ్డాడు కూడా. నేను తోలడం మానేశాక కాకులు ఊరికి తిరిగొచ్చాయి, ఒకటి పది నిమిషాల్లోనే వచ్చి, అన్నీ వదిలేసి, నేరుగా పోయి కల్లు దొప్పను తన్నింది. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. నారింజ జాకెట్టు వేసుకుని, బుగ్గలు పొంగించి ఈల ఊదిన ఆ ఇరవై ఏళ్ళ వెర్రివాణ్ణి తలుచుకుని ఇంకాస్త ఎక్కువ నవ్వాను. చేతులు మాత్రం విప్పలేదు.